పాలు లేని అన్నప్రాశన

చాలా తెలుగు ఇళ్లలో అన్నప్రాశన నాడు బిడ్డ నోట పెట్టే మొదటి ముద్ద పాలతో వండిన పరమాన్నమే. ఆవుపాలలో బియ్యం మెత్తగా ఉడికించి, బెల్లం వేసి, నెయ్యి చుక్క తగిలించి, దేవుడికి నివేదించిన తరువాత మేనమామ చేత బంగారు ఉంగరంతోనో వెండి చెంచాతోనో నాలుకకు రాయిస్తారు. శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల్లో ఈ వేడుక ఇంట్లో జరగవచ్చు, వంశధార ఒడ్డున శ్రీముఖలింగంలో మధుకేశ్వరస్వామి సన్నిధిలోనూ జరగవచ్చు. చోటు మారినా పదార్థం మారదు. ఆ బిడ్డకు పాలు పడకపోతే ఏం చేయాలన్నది పైకి వైద్యానికి సంబంధించిన ప్రశ్న. కానీ అందులో సగం కర్మకు సంబంధించినది. శాస్త్రమో ఆచారమో చెప్పిన ద్రవ్యం సంస్కారం పొందవలసిన బిడ్డకే హాని చేస్తుంటే ఆ సంస్కారం ఎలా జరగాలి? ద్రవ్యం మారిస్తే కర్మ చెడుతుందా? మార్చకపోతే ధర్మం చెడుతుందా?

ముందు శాస్త్రం ఏం విధించిందో చూడాలి. తెలుగు వైదిక కుటుంబాల్లో ఎక్కువమంది అనుసరించే ఆపస్తంబ గృహ్యసూత్రం ఆరో నెలలో పెరుగు, తేనె, నెయ్యి, అన్నం కలిపి మంత్రపూర్వకంగా బిడ్డకు తినిపించమంటుంది. తిత్తిరి పక్షి మాంసం పెట్టాలనే వారు కొందరున్నారని కూడా అక్కడే చెబుతుంది. ఆశ్వలాయనుడు మరికొంత విస్తరిస్తాడు. బిడ్డకు ఏది కావాలని తండ్రి కోరుకుంటాడో దాన్ని బట్టి మేకమాంసం, తిత్తిరి మాంసం, నేతి అన్నం వంటివి చెప్పి, పెరుగు తేనె నెయ్యి కలిపిన అన్నాన్నీ చెబుతాడు. పారస్కరుడి జాబితాలో చేప కూడా ఉంది, అది చురుకుదనం కోసం. మనువు ఆరో నెల అంటూనే, కులానికి మంగళకరమైన ఆచారం ఏదైతే అది చేయవచ్చని వెసులుబాటు ఇచ్చాడు. ఇన్ని గ్రంథాల్లోనూ ఇప్పటి పాల పరమాన్నం ఒక్కటే విధిగా కనిపించదు. అది తరువాత స్థిరపడిన ఆచారం. సూత్రకారుల కాలంలోనే ద్రవ్యం ఒక్కటిగా లేదు. తినే బిడ్డను బట్టి, పెట్టేవారి కోరికను బట్టి, ఇంటి సంప్రదాయాన్ని బట్టి మారింది. ఈ సంగతి చాలా వాదాలను మొదట్లోనే తేలిక చేస్తుంది. అయినా సూత్రాల్లోని పెరుగూ నెయ్యీ పాల నుంచి వచ్చినవే కాబట్టి ప్రశ్న పూర్తిగా తీరదు.

ఇక శరీరం సంగతి. 'పాలు పడవు' అని ఇళ్లలో ఒకే మాటగా అనేదాని వెనక రెండు వేరు వేరు స్థితులున్నాయి. ఒకటి పాలలోని చక్కెర, అంటే లాక్టోజ్, జీర్ణం కాకపోవడం. దీన్ని విడగొట్టే ఎంజైము పేగులో తగ్గినప్పుడు కడుపుబ్బరం, పుల్లటి వాసనతో నీళ్ల విరేచనాలు వస్తాయి. పెద్దవాళ్లలో ఇది సాధారణం, పసిబిడ్డల్లో పుట్టుకతో ఉండటం చాలా అరుదు. తల్లిపాలలోనే వంద మిల్లీలీటర్లకు దాదాపు 7 గ్రాముల లాక్టోజ్ ఉంటుంది, ఆవుపాలలో సుమారు 5 గ్రాములే. విరేచనాల జబ్బు చేసిన తరువాత బిడ్డకు కొన్నాళ్లు ఇది రావచ్చు, పేగు కోలుకుంటే పోతుంది. రెండోది ఆవుపాలలోని ప్రోటీను మీద శరీరం తిరగబడటం. పసివాళ్లలో పాలు పడకపోవడం చాలావరకు ఇదే. కొందరికి తాగిన నిమిషాల్లోనే ఒంటిమీద దద్దుర్లు, పెదవుల వాపు, వాంతి, పిల్లికూతలు వస్తాయి. మరికొందరికి గంటల తరువాత, రోజుల తరువాత మలంలో జిగురూ నెత్తురూ, తగ్గని ఎగ్జిమా, బరువు పెరగకపోవడం కనిపిస్తాయి. ఊపిరి ఆడకపోవడం, ముఖం వాయడం, బిడ్డ వాలిపోవడం కనిపిస్తే క్షణం ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకుపోవాలి.

ఈ తేడా కర్మకాండకు కూడా ముఖ్యమే, ఎందుకంటే ఇంట్లో పెద్దలు సూచించే ఉపాయాలన్నీ మొదటి స్థితికి పనికివచ్చేవే. పెరుగు తోడుకున్నప్పుడు లాక్టోజ్ కొంత తగ్గుతుంది, ప్రోటీను ఎక్కడికీ పోదు. నెయ్యిలో లాక్టోజ్ దాదాపు ఉండదు, ప్రోటీను మాత్రం లేశమాత్రంగా మిగిలి ఉండవచ్చు. తీవ్రంగా తిరగబడే బిడ్డకు ఆ లేశం చాలు. 'ఆవుపాలు పడకపోతే మేకపాలు పట్టండి' అన్న సలహా మరీ ప్రమాదకరం. మేక, గొర్రె, గేదె పాల ప్రోటీన్లు ఆవుపాల ప్రోటీన్లను చాలా దగ్గరగా పోలి ఉంటాయి. ఆవుపాల ప్రోటీను పడని పిల్లల్లో అత్యధికులకు మేకపాలు కూడా పడవు. గుడిలో అభిషేక పాల తీర్థం, పంచామృతం ఒక్క ఉద్ధరిణెడే కావచ్చు. ఆ ఒక్క ఉద్ధరిణె కూడా ఇలాంటి బిడ్డకు లెక్కలోకి వస్తుంది. పంచామృతంలోని తేనె మరో కారణం చేత ఏడాది లోపు ఏ బిడ్డకూ పెట్టకూడనిది. అందులో ఉండే బొటులిజం బీజాలు పసిపేగులో మొలకెత్తి విషం పుట్టించగలవు.

ఇప్పుడు అసలు ప్రశ్నకు రావచ్చు. విహితమైన ద్రవ్యం వాడలేనప్పుడు ఏం చేయాలన్న విచారణ మీమాంసలో చాలా పాతది. జైమిని సూత్రాల ఆరో అధ్యాయం మూడో పాదంలో దాన్ని 'ప్రతినిధి' పేరుతో చర్చించారు. యాగానికి వరిబియ్యం దొరకకపోతే ఆగిపోనక్కరలేదు, నీవారం అనే అడవి వరిని వాడవచ్చు. సోమలత దొరకనప్పుడు పూతిక అనే లతను చెప్పారు. ప్రతినిధి అసలు ద్రవ్యానికి వీలైనంత పోలికగా ఉండాలి. అయితే కొన్నిటికి ప్రతినిధి లేదు. దేవతకు లేదు, అగ్నికి లేదు, మంత్రానికి లేదు, క్రియకు లేదు. ఇంద్రుడికి ఇవ్వవలసినది మరొకరికి ఇచ్చి సరిపెట్టలేరు, ఒక మంత్రం రాకపోతే మరొకటి చదివి అదే కర్మ అనలేరు. ద్రవ్యం ఒక్కటే మారడానికి వీలున్నది. పోలిక ఉన్నా నిషిద్ధమైనది ప్రతినిధి కాలేదని కూడా అక్కడే తేల్చారు. మినుములు, ఆరికల వంటి యాగానికి పనికిరానివి ధాన్యాలే అయినా వరి స్థానంలోకి రావు.

ఈ నియమాన్ని పాలు పడని బిడ్డకు అన్వయిస్తే ఒక చిక్కు ఎదురవుతుంది. పోలికే ప్రమాణమైతే ఆవుపాలకు అతి దగ్గరి ప్రతినిధి మేకపాలు. శరీరానికి అదే పనికిరానిది. ఇక్కడ పోలిక ఎందులో చూడాలన్నది నిజమైన ప్రశ్న. రంగులోనా, రుచిలోనా, పుట్టుకలోనా, లేక చేసే పనిలోనా? వరికి నీవారాన్ని ఎన్నుకున్నది తెల్లగా కనబడటం వల్ల కాదు, యాగంలో వరి చేసే పనికి అవసరమైన అవయవాలు అందులో ఎక్కువగా ఉండటం వల్ల. అన్నప్రాశనలో పరమాన్నం చేసే పని ఏమిటి? తల్లిపాల మీదే బతికిన బిడ్డకు లోకంలోని అన్నాన్ని మొదటిసారి మెత్తగా, తియ్యగా, బలంగా, మంగళంగా పరిచయం చేయడం. ఆ పని చేసేదే ప్రతినిధి. చేయకుండా బిడ్డను వాంతులకు, నెత్తుటి విరేచనాలకు గురిచేసేది ఎంత పోలికగా ఉన్నా నిషిద్ధ ధాన్యం కోవలోకే వస్తుంది.

ఒక ఆక్షేపణ వినిపించవచ్చు. ప్రతినిధి న్యాయం ద్రవ్యం దొరకనప్పటికి చెప్పినది, ఇక్కడ పాలు దొరుకుతున్నాయి కదా అని. దీనికి జవాబు మీమాంసలోనే మరో చోట ఉంది. కర్మలు రెండు రకాలని రెండో అధ్యాయం వేరుచేస్తుంది. కొన్నింటిలో ద్రవ్యం కర్మ కోసం ఉంటుంది, కొన్నింటిలో కర్మే ద్రవ్యం కోసం ఉంటుంది. వడ్లు దంచడం దంపుడు కోసం కాదు, బియ్యం సిద్ధం కావడం కోసం. సంస్కారాలన్నీ ఈ రెండో రకం. అన్నప్రాశనలో సంస్కరించబడేది బిడ్డ. అన్నం, పెరుగు, నెయ్యి, మంత్రం, ముహూర్తం అన్నీ ఆ బిడ్డను తదుపరి జీవితానికి యోగ్యం చేయడానికి వచ్చినవే. బియ్యాన్ని పిండి చేసేసే దంపుడు ఎలా విఫలమో, బిడ్డను జబ్బు చేసే ప్రాశన అలాగే విఫలం. అక్కడ విధిని పాటించినట్టు కాదు, విధి ఉద్దేశాన్నే కాలదన్నినట్టు. ప్రతి బిడ్డకూ చేసితీరవలసిన కర్మగా దీన్ని చూస్తే, చేతనైనంత మేరకు అంగాలతో చేసినా నిత్యకర్మ సఫలమే అని ప్రతినిధి చర్చ మొదట్లోనే చేసిన నిర్ణయం కూడా తోడవుతుంది. అన్ని అంగాలూ నిండుగా ఉండితీరాలన్న పట్టు ఫలం కోరి చేసే కామ్యకర్మలకే.

ద్రవ్యం తినేవాడిని బట్టి నిర్ణయమవుతుందన్న మాటను ఆయుర్వేదం ఇంకా సూటిగా చెప్పింది. చరక సంహిత విమానస్థానం మొదటి అధ్యాయంలో ఆహారాన్ని తూచడానికి ఎనిమిది అంశాలు ఉన్నాయి. పదార్థ స్వభావం, వండే తీరు, కలయిక, పరిమాణం, దేశం, కాలం, తినే పద్ధతి, చివరగా తినే మనిషి. పాలు ఉత్తమమని సాధారణంగా చెప్పిన శాస్త్రమే, అది ఈ మనిషికి సాత్మ్యమా, అంటే ఒంటికి పడేదా, కాదా అన్నది ఆ మనిషిని చూసి తేల్చమంటుంది. సుశ్రుతుడు ఆరో నెలలో తేలికైనదీ హితమైనదీ అయిన అన్నం పెట్టమన్నాడు. హితం అన్నది ఎవరికి అని అడగకుండా అర్థం కాదు. కాశ్యప సంహిత ఆరో నెలలో పండ్లు తినిపించి, అన్నాన్ని పళ్లు వచ్చాక పదో నెలకు వాయిదా వేసింది. నేటి వైద్యం అంత ఆలస్యాన్ని ఒప్పుకోదు. కానీ మొదటి ఘనాహారం పాలతోనే ఉండాలన్న పట్టుదల ఈ గ్రంథాల్లో లేదని గమనించాలి. అష్టాంగహృదయం ఉత్తరస్థానంలో పాలు మాన్పించిన బిడ్డకు చెప్పిన ఉండలు సారపప్పు, అతిమధురం, పేలాలు, తేనె, పటికబెల్లంతో చేసేవి. వాటిలో పాల చుక్క లేదు. సారపప్పు శ్రీకాకుళం, విజయనగరం మన్యంలోంచి సంతలకు దిగివచ్చేదే. ఏడాది దాటిన బిడ్డకు తప్ప తేనె వేయకూడదన్న సవరణతో ఆ ఉండలు ఇప్పటికీ ఆలోచించదగినవే. గింజలు పసివాళ్ల గొంతుకు అడ్డుపడతాయి కాబట్టి మెత్తని పొడిగానే వాడాలి.

శాస్త్రం ఇంత వెసులుబాటు ఇచ్చినా కుటుంబాలు పాలను వదలడానికి ఎందుకు జంకుతాయి? కారణం కథల్లో దొరుకుతుంది. మహాభారతం అనుశాసనిక పర్వంలో ఉపమన్యువు పాల కోసం ఏడిస్తే, పేద తల్లి పిండిని నీళ్లలో కలిపి పాలని చెప్పి ఇస్తుంది. బిడ్డ గుర్తుపట్టి, శివుడి కోసం తపస్సు చేసి, పాలసముద్రాన్నే పొందుతాడు. ఆదిపర్వంలో అశ్వత్థామకు తోటిపిల్లలు పిండినీళ్లు ఇచ్చి పాలని నమ్మిస్తారు. ఆ అవమానం ద్రోణుణ్ణి ద్రుపదుడి గుమ్మానికి నడిపిస్తుంది. రెండు కథల్లోనూ పిండినీళ్లు దరిద్రానికి గుర్తు, పాలు అనుగ్రహానికి గుర్తు. పాల బదులు చోడి (రాగి) జావ పట్టే తల్లి, 'పిల్లకు పాలు కూడా పట్టలేకపోయావా' అనే మాటకు భయపడటం వెనక ఈ చిత్రం పనిచేస్తోంది. పాలు కొనే స్తోమత ఉన్న ఇంట్లోనైనా ఆ సిగ్గు వదలదు. దాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. రోజూ ఆ మాట వినవలసివచ్చిన తల్లి ఒకనాడు రహస్యంగా పాలు పట్టే ప్రమాదం ఉంది.

అదే శైవ సంప్రదాయంలో మరో వైపు కథలూ ఉన్నాయి. పాల్కురికి సోమనాథుని బసవపురాణంలో బెజ్జమహాదేవి, తల్లి లేని శివుణ్ణి తన బిడ్డగా భావించి పెంచుతుంది. ఒకనాడు శివుడు గొంతు జబ్బు చేసినట్టు నటించి పాలు ముట్టడు. ఆమె కలవరం చెప్పనలవి కాదు, ప్రాణం తీసుకోవడానికి కూడా సిద్ధపడుతుంది. పాలు తాగని బిడ్డ ముందు తల్లి పడే బాధను ఇంత గౌరవంగా కథలో పెట్టిన సాహిత్యం, ఆ తల్లిని దోషిగా నిలబెట్టలేదు. ధూర్జటి శ్రీకాళహస్తీశ్వర మాహాత్మ్యంలోని తిన్నడు శాస్త్రం చెప్పిన నైవేద్యం తెలియక మాంసం తెచ్చి పెడితే స్వామి దాన్నే స్వీకరించాడు. శివుడు ద్రవ్యాన్ని చూసి ఒప్పుకోడన్నది ఈ కథలన్నిటి బలం. భాగవతంలో పాలకడలిని చిలికితే అమృతం కన్నా ముందు హాలాహలం పుట్టింది. పాలను మంగళమని నమ్మిన సంప్రదాయమే దాని గర్భంలో విషం ఉండగలదని కూడా ఊహించింది. తైత్తిరీయోపనిషత్తు అన్నాన్ని బ్రహ్మంగా కొనియాడుతూనే, అది తినబడేదీ తినేదీ రెండూ అంటుంది. అన్నాన్ని నిందించవద్దన్న వ్రతం కూడా అక్కడిదే. పాలు పడని బిడ్డకు పాలు పెట్టకపోవడం పాలను నిందించడం కాదు.

శ్రీముఖలింగం ఈ ప్రశ్నకు మామూలు క్షేత్రం కన్నా మంచి నేల. జలుమూరు మండలంలోని ఈ ఊరే తూర్పు గాంగుల రాజధాని కళింగనగరమని చరిత్రకారులు గుర్తించారు. మధుకేశ్వర, భీమేశ్వర, సోమేశ్వరాలయాలు వారి కాలపువి. గోడల మీది శాసనాల్లో అఖండ దీపాల కోసం ఇచ్చిన దానాలు విరివిగా కనిపిస్తాయి. పన్నెండో శతాబ్దంలో అనంతవర్మ చోడగంగు కాలంలో రాజధాని కటకానికి మారినా పూజ ఆగలేదు. శివరాత్రి తరువాత చక్రతీర్థ స్నానాలకు వంశధారలో జనం ఇప్పటికీ మునుగుతారు. అయితే ఈ స్వామి కథ రాజులతో మొదలుకాదు, శబరులతో మొదలవుతుంది. స్థలపురాణంలో శాపం వల్ల శబరులై పుట్టిన గంధర్వుల నాయకుడికి ఇద్దరు భార్యలు. పెరటి ఇప్పచెట్టు కొమ్మ పూలు ఒకరి వైపు బంగారమై రాలుతుంటే తగవు పుట్టి, విసిగిన నాయకుడు చెట్టు నరకబోతాడు. శివుడు ఆ మొద్దులోంచి ముఖం చూపిస్తాడు. ఇప్పపూవును ఏరుకుని తినే జనం మధ్య, ఇప్పమానులోనే వెలిసిన దేవుడు ఈయన.

ఆ జనం ఆహారం ఈ చర్చకు నేరుగా సంబంధించినది. మధ్య భారతం నుంచి తూర్పు కనుమల దాకా అనేక ఆదివాసీ సమాజాల్లో పశువులను పెంచినా పాలు పితికే అలవాటు పూర్వం లేదు. ఆవుపాలు దూడవి అన్నది వారి భావన. తల్లిపాలు మాన్పించాక పిల్లలు చోళ్లు, సామలు, కొర్రలు, కందులు, ఆకుకూరలు, దుంపలు, చేపలతో పెరిగారు. పశుపాలు లేకుండా బిడ్డ బతకదన్న నమ్మకం సార్వత్రికం కాదని చెప్పడానికి దూరదేశాల ఉదాహరణలు వెతకనక్కరలేదు. శ్రీముఖలింగేశ్వరుణ్ణి మొదట చూసినట్టు స్థలపురాణం చెప్పేది అలాంటి వారినే. కాబట్టి ఈ గుడిలో పాలు లేని ప్రాశన చేయడం ఆధునికుల మినహాయింపు అనుకోవడం సరికాదు. మైదానంలోనూ తెలుగు తల్లులు తరతరాలుగా చేసిన ఉగ్గు, వేయించిన బియ్యం, పెసరపప్పు, కందిపప్పు, కాస్త జీలకర్ర పొడిచేసి నీళ్లలో ఉడికించినదే. దానికి పాలు అక్కరలేదు.

ప్రాశన నాటి పదార్థం సులువుగానే కుదురుతుంది. కొత్తబియ్యం, పొట్టు తీసిన పెసరపప్పు నీళ్లలో మెత్తగా ఉడికించి, చివర చిటికెడు బెల్లం, కొబ్బరిపాలు కలిపితే పరమాన్నం రూపమూ రుచీ వస్తాయి. బెల్లం ఆ రోజు నాలుకకు రాసే మేరకే, రోజువారీ తిండిలో రెండేళ్ల దాకా తీపి కలపకపోవడం మేలు. నెయ్యి బదులు కొబ్బరినూనో నువ్వులనూనో చుక్క వేయవచ్చు, నువ్వులు బిడ్డకు పడతాయని ముందే తేలి ఉంటే. దేవుడికి పాల పరమాన్నం నివేదించి, బిడ్డకు వేరే గిన్నెలో వేరే గరిటెతో ఇది పెట్టడంలో దోషం లేదు. హోమం చేసే ఇళ్లలో ఆజ్యం అగ్నికి యథావిధిగా చెల్లుతుంది. మారేది బిడ్డ నోటికి వెళ్లే ముద్ద ఒక్కటే. మంత్రం అదే, దేవత అదే, మేనమామ ఒడి అదే. తీర్థాన్ని బిడ్డ నుదుటికి అద్ది, పెద్దలు పుచ్చుకోవచ్చు. చర్మం మీద తగిలినా దద్దుర్లు వచ్చే బిడ్డకు అదీ వద్దు, అక్షతలు చాలు. ఈ సంగతి అర్చకుడికి ముందే చెప్పడం మర్యాద కూడా.

ప్రాశన ఒక్క రోజుది, ఆ తరువాతి నెలలే కష్టమైనవి. ఆరు నెలలు నిండాక మెడ నిలిపి, ఆసరాతో కూర్చోగలిగిన బిడ్డకు రెండు మూడు చెంచాలతో మొదలుపెట్టి, క్రమంగా రోజుకు రెండు మూడు సార్లకు పెంచాలి. గరిట నుంచి జారిపోయే పలచని జావ కడుపు నింపుతుంది గానీ బలం ఇవ్వదు. తల్లిపాలు తాగే బిడ్డకు ఆరు నుంచి ఎనిమిది నెలల్లో ఘనాహారం నుంచి రోజుకు దాదాపు 200 కిలోకేలరీలు, తొమ్మిది నుంచి పదకొండు నెలల్లో 300, రెండో ఏట 550 రావాలి. కొత్త పదార్థం ఒకసారికి ఒకటే పెట్టి, రెండు మూడు రోజులు చూసి మరొకటి చేర్చాలి. అలా అయితే ఏది పడలేదో తెలుస్తుంది. పాలు పడలేదన్న భయంతో గుడ్డు, చేప, వేరుసెనగ వంటివన్నీ ఏళ్ల తరబడి దూరం పెట్టడం పొరపాటు. 2015లో వెలువడిన లీప్ అనే పరిశోధన, వేరుసెనగను పసితనంలోనే మొదలుపెట్టిన పిల్లల్లో దాని అలర్జీ బాగా తగ్గిందని చూపింది. తీవ్రమైన ఎగ్జిమా ఉన్న బిడ్డకు మాత్రం వైద్యుణ్ణి అడిగి మొదలుపెట్టాలి.

పాలు తప్పినప్పుడు లోటు పడేవి ముఖ్యంగా కాల్షియం, ప్రోటీను, కొవ్వు. ఇక్కడ చోళ్లు ఆదుకుంటాయి. వంద గ్రాముల చోడి పిండిలో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది, అదే బరువు ఆవుపాలలో 120 దాకా. కానీ బిడ్డ ఒక పూట తినేది కొద్ది గ్రాముల పిండే. పైగా అందులోని ఫైటేట్లు కాల్షియాన్ని కొంత పట్టి ఉంచుతాయి. చోళ్లను నానబెట్టి, మొలకెత్తించి, ఎండబెట్టి, దోరగా వేయించి పిండి చేస్తే ఆ పట్టు సడలుతుంది. పైగా మొలకలోని ఎంజైము వల్ల జావ చిక్కబడకుండానే ఎక్కువ పిండి పడుతుంది. పెసరపప్పు, కందిపప్పు, గుమ్మడి, చిలగడదుంప, అరటిపండు, మునగాకు, గుడ్డు, ముళ్లు తీసిన చేప వంతులవారీగా చేరాలి. మాంసం తినే ఇళ్లలో కాలేయం ఇనుముకు మంచి మూలం. కొబ్బరిపాలు రుచికి, కొవ్వుకు సరే, కాల్షియానికీ ప్రోటీనుకూ పాలకు బదులు కావు. బియ్యపు పాలు పసివాళ్లకు పాల స్థానంలో ఇవ్వదగినవి కావు. అన్నిటికన్నా పెద్ద ఆసరా తల్లిపాలే, రెండేళ్లు ఆపైన కూడా. తల్లిపాలు లేనప్పుడు పాల ప్రోటీనును విడగొట్టి తయారుచేసిన ప్రత్యేక ఫార్ములాను వైద్యుడే చెప్పాలి. అంగన్‌వాడీల్లో ఇచ్చే బాలామృతంలో పాలపొడి కలుస్తుంది, బజారులో దొరికే పసిపిల్లల సిరియల్స్‌లో చాలావాటిలోనూ ఉంటుంది. డబ్బా మీద రాసినది చదవకుండా పెట్టకూడదు. 2018లో మొదలైన పోషణ్ అభియాన్ కింద అంగన్‌వాడీ కేంద్రాలు సామూహికంగా అన్నప్రాశన జరుపుతున్నాయి. అక్కడి గిన్నెకూ ఈ జాగ్రత్త వర్తిస్తుంది.

కొందరు బిడ్డలకు తల్లి తిన్న పాలలోని ప్రోటీను తల్లిపాల ద్వారా చేరి బాధిస్తుంది. అప్పుడు తల్లి పాలు, పెరుగు, నెయ్యి మానవలసి వస్తుంది, వైద్య సలహాతో కాల్షియం వేసుకుంటూ. బాలింత పథ్యం తెలిసిన సమాజానికి ఇది కొత్త ఆలోచన కాదు. చరకుడు స్తన్యదోషాలకు చెప్పిన చికిత్సలో తల్లి ఆహార నియమాలూ ఉన్నాయి. కానీ దోషం అన్న ఆ పదాన్ని తల్లి నైతిక దోషంగా తిప్పడం, పూర్వజన్మ పాపమనో మొక్కు తీర్చలేదనో అనడం శాస్త్రానికీ కరుణకూ దూరం. గౌతమ ధర్మసూత్రం నలభై సంస్కారాలను లెక్కించి, వెంటనే ఎనిమిది ఆత్మగుణాలను చెబుతుంది. వాటిలో మొదటిది సర్వభూతాల మీద దయ. నలభై సంస్కారాలున్నా ఈ గుణాలు లేనివాడికి బ్రహ్మసాయుజ్యం లేదని, కొద్ది సంస్కారాలే ఉన్నా గుణాలున్నవాడికి ఉందని అక్కడి తీర్పు. ప్రాశన చేస్తూ బిడ్డ తల్లిని ఏడిపించిన ఇల్లు సంస్కారం చేసినట్టు లెక్కపెట్టుకోవచ్చు గానీ, గౌతముడు మొదటగా అడిగినది చేయలేదు.

చాలామంది పిల్లలు మూడు నుంచి ఐదేళ్ల లోపు ఈ స్థితి దాటిపోతారు. పాలను తిరిగి పరిచయం చేసేటప్పుడు బాగా కాల్చిన పదార్థంలో కలిసిన పాలతో మొదలుపెట్టి మెల్లగా పైకి వెళతారు, ఎందుకంటే ఎక్కువ వేడికి కొన్ని ప్రోటీన్ల రూపం మారుతుంది. తీవ్రంగా తిరగబడిన చరిత్ర ఉంటే అది ఆసుపత్రిలోనే జరగాలి. పాలు పడటం మొదలయ్యాక అన్నప్రాశనను పాలతో మళ్లీ చేయాలా అన్న సందేహం కొన్ని ఇళ్లలో వస్తుంది. అక్కరలేదు. ప్రతినిధితో జరిగినది జరిగినట్టే, సంస్కారం ఒక మనిషికి ఒక్కసారే. పెద్దయ్యాక కూడా పాలు పడని కొద్దిమందికి ఇదే ప్రశ్న పెళ్లిలో మధుపర్కం దగ్గర మళ్లీ వస్తుంది, అక్కడి ద్రవ్యాలు పెరుగూ తేనే కాబట్టి. అక్కడ ఆశ్వలాయన సూత్రం తానే ఒక ప్రతినిధిని పేర్కొంది, తేనె దొరకకపోతే నెయ్యి పోయమని.